ఇరవై నాలుగు సందులు

వాన ఆరింటికి ఆగింది. ఆరుంపావుకి మామగారు పెరట్లోకి వచ్చి, కొసన రబ్బరు పట్టీ ఉన్న పొడవాటి కర్రతో చెక్క డెక్ మీది నీళ్ళు తోయడం మొదలుపెట్టారు. ఇంటి గోడ దగ్గర మొదలుపెట్టి పెరటి వైపుకి తోస్తారు. నీళ్ళు అంచు దాటి మట్టిలో పడతాయి. మళ్ళీ గోడ దగ్గరికి వస్తారు. ఆయనకి డెబ్భై నాలుగేళ్ళు. ఈ పనికి పాతిక నిమిషాలు పడుతుంది.

కోడలు వంటింటి కిటికీలోంచి చూసింది. పొయ్యి మీద టీ ఉంది. ఏడు నెలలుగా ఆమె ఉదయాలన్నీ ఒకేలా నడుస్తున్నాయి. అలారం, టీ, మూడు డబ్బాలు, స్నానం, బస్సు. ఏడు నెలల కిందట అత్తగారు పోయారు. ఆ రోజు కోడలు డాక్టరు ఇచ్చిన కాగితం తీసుకుంది. ఫోన్లు చేసింది. వచ్చినవాళ్ళకి కుర్చీలు వేసింది. వాళ్ళు వెళ్ళాక కుర్చీలు తీసి గోడకి చేర్చింది. ఏడుపు వస్తుందని ఎదురుచూసింది. రాలేదు. తర్వాత ఎదురుచూడటం మానేసింది.

"మొదలుపెట్టాడా నాన్న?" భర్త చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చాడు. అతను బస్సు డిపోలో వేళల పట్టికలు తయారుచేస్తాడు. ఇంట్లో ఎవరి స్నానం ఎన్ని నిమిషాలో కూడా చెప్పగలడు.

"వాన పడిందిగా."

"పడితే? నీళ్ళు వాటంతట అవే కిందికి పోవాలనేగా నువ్వు పలకల మధ్య సందులు పెట్టించింది."

"పోతాయి. ఆయనకే నమ్మకం లేదు."

"నలభై ఏళ్ళు ఓడలు చెక్కిన మనిషి. తడిసిన చెక్క కనిపిస్తే చెయ్యి ఊరుకోదు." అతను తలుపు తీసి కేక వేశాడు. "నాన్నా, లంగరు వేసి లోపలికి రా! టీ అయింది!"

"ముందు నీ బస్సు సంగతి చూసుకోరా. పట్టికలు వేసేవాడివి, నువ్వే రోజూ ఆఖరి నిమిషంలో పరిగెడతావు," అన్నారు మామగారు, కర్ర ఆపకుండా.

భర్త తీగ మీది మేజోళ్ళ కోసం బయటికి వెళ్ళాడు. తీగ డెక్ ఎడమ అంచు పక్కన ఉంది. అతను ఆ అంచు మీద కాలు పెట్టి చెయ్యి చాపాడు. పలక కొస కిందికి కుంగింది. రెండో కొస అడుగెత్తు లేచింది. అతని కాలు పిక్క దాకా లోపలికి దిగింది.

కోడలు పొయ్యి ఆపి పరిగెత్తింది. కాలు విరగలేదు. చర్మం బెత్తెడు మేర గీసుకుపోయింది. మామగారు కర్ర పడేసి కొడుకు చంకల కింద చేతులు వేసి పైకి లాగారు.

"ఏమైంది దీనికి? మొన్ననేగా కట్టించాం?" అన్నాడు భర్త, కాలు పట్టుకుని.

"మూడేళ్ళయింది," అంది కోడలు. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని లేచిన పలక కిందికి చూసింది. కింద దూలం ఉండాల్సిన రంగులో లేదు. వంటింట్లోంచి స్క్రూడ్రైవర్ తెచ్చి దూలంలో పొడిచింది. అది పిడి దాకా దిగింది. తీస్తే కొసకి తడి పొట్టు అంటుకుని వచ్చింది.

మామగారు ఆ పొట్టు వైపు చూశారు. టీ తాగకుండా తన గదిలోకి వెళ్ళిపోయారు.

ఇళ్ళ తోటలు, డెక్‌లు గీసి కట్టించే ఆఫీసులో కోడలు పద్నాలుగేళ్ళుగా పనిచేస్తోంది. ఊళ్ళోవాళ్ళకి అరవైకి పైగా డెక్‌లు గీసింది. మూడేళ్ళ కిందట సొంతింటికి ఒకటి గీసుకుంది. వంటింటి గడప ఎత్తుకి సమానంగా, పెరట్లోకి పరిచిన చెక్క అరుగు. గోడ పొడవునా పదహారు అడుగులు, పెరటి వైపుకి పన్నెండు. ఇరవై అయిదు పలకలు, వాటి మధ్య ఇరవై నాలుగు సందులు. ఒక్కో సందు ఆరు మిల్లీమీటర్లు. వాన నీళ్ళు దిగడానికి, చెక్క తడికి ఉబ్బినప్పుడు చోటు ఉండటానికి, కింది దూలాలకి గాలి తగలడానికి ఆ సందు కావాలి.

కట్టినవాడు ఆమె ఆఫీసుకి పదేళ్ళుగా పనిచేస్తున్న వడ్రంగి మేస్త్రీ. అతన్ని అందరూ మిల్లీమీటర్ అంటారు. అన్నం పెట్టినా కొలిచి తింటాడని అతని కింద పనిచేసేవాళ్ళు నవ్వుతారు. మొదటిరోజు కోడలు "డెక్ కట్టిస్తున్నాం మామయ్యా," అని చెప్తే మామగారు కళ్ళజోడు తీసి "డెక్కుకి ఓడ ఏదమ్మాయ్?" అన్నారు. ఇంటిల్లిపాదీ నవ్వారు. అత్తగారు మాత్రం దాన్ని అరుగు అనే పిలిచారు.

పిలిచారు గానీ దాని మీద కాలు పెట్టలేదు. గడప దాకా వచ్చి చౌకట్టు పట్టుకుని నిలబడేవారు. అడిగితే మోకాళ్ళు అనేవారు. ఏడాది చూసి కోడలు ముప్ఫై నాలుగు అంగుళాల ఎత్తులో చేపట్టు కమ్మీ పెట్టించింది. అయినా రాలేదు. రెండు నెలలు గడిచాయి. ఒకరోజు ఆఫీసు నుంచి వచ్చేసరికి అత్తగారు డెక్ నడిమధ్య కుర్చీలో కూర్చుని ఉన్నారు. ఆ తర్వాత పద్నాలుగు నెలలు, ఆస్పత్రికి వెళ్ళిన రోజు దాకా, ఎండ తగ్గాక అక్కడే కూర్చున్నారు. కూరగాయలు అక్కడే తరిగారు. మొగుడితో పేకాట అక్కడే ఆడారు. ఓడినప్పుడల్లా ముక్కలు మార్చారని ఆయన మీద నింద వేశారు.

ఈ సంగతిని కోడలు ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళకి చెప్పేది. కమ్మీ ఎత్తు సరిగ్గా ఉంటే బయటికి రాని మనిషి కూడా బయటికి వస్తుందని. అత్తగారు పోయాక ఇంకెవరికీ చెప్పలేదు. కానీ తలుచుకునేది. ఆస్పత్రిలో ఏ మందు పనిచేయలేదు, తను చేసిన ఏ సేవా ఆవిణ్ణి నిలపలేదు. ఆ పద్నాలుగు నెలల సాయంత్రాలు మాత్రం తన గీతల వల్ల వచ్చాయి. ఆమె దగ్గర మిగిలింది అదొక్కటే.

శుక్రవారం ఆఫీసులో పెద్దాయన ఆమె ఫోన్‌లోని ఫొటోలు చూశాడు.

"మూడేళ్ళకి దూలాలు ఇలా అయ్యాయా? మన డిజైనర్ ఇంట్లోనే? ఎవరి పని ఇది?"

"మిల్లీమీటర్ పని."

"రాసివ్వు. ఈ మాట బయటివాళ్ళ నోటికి వెళ్ళకముందు మన కాగితం మీద ఉండాలి."

ఆమె కంప్యూటరు ముందు కూర్చుని నాలుగు వాక్యాలు రాసింది. నాసిరకం చెక్క వాడి ఉండవచ్చు. సందులు సరిగ్గా వదిలి ఉండకపోవచ్చు. రాస్తున్నంతసేపూ ఏమీ అనిపించలేదు. పదేళ్ళుగా తెలిసిన మనిషి మీద ఇలా రాస్తూ ఏమీ అనిపించకపోవడాన్ని కూడా ఆమె గమనించింది. గమనించి పంపించింది.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర మామగారు అడిగారు.

"ఆఫీసులో మేస్త్రీ పేరు చెప్పావా?"

"రాశాను మామయ్యా. ఆదివారం వచ్చి చూస్తానన్నాడు."

"చూసి?"

"పలకలు ఊడదీస్తాడు. అన్నీ తీస్తే గానీ ఎన్ని దూలాలు పోయాయో తెలీదు."

"అన్నీ ఎందుకు? ఆ ఒక్క మూలా మారిస్తే సరిపోదూ? ఎండలు రాగానే మిగతాది బిగుసుకుంటుంది."

"ఊడదీసి అవతల పారేసి సిమెంటు పోయిద్దాం," అన్నాడు భర్త. "కుంటికాలితో డిపోకి వెళ్తే అందరూ ఏ బస్సు కిందపడ్డావని అడిగారు. పెరట్లో ఓడ మునిగిందని చెప్పాను."

ఎవరూ నవ్వలేదు. మామగారు ముద్ద కలుపుతూ ఆగారు.

"మంచి పనివాడమ్మాయ్ అతను."

"మంచి పనివాడైతే మూడేళ్ళకే కుళ్ళుతుందా మామయ్యా?"

ఆయన సగం తిన్న కంచం ముందునుంచి లేచారు.

ఆదివారం తొమ్మిదింటికి మేస్త్రీ వచ్చాడు. యాభై దాటిన మనిషి. చెవి వెనక పెన్సిలు, చేతిలో సంచి. ఎప్పుడూ వస్తూనే నీళ్ళు అడుగుతాడు. ఈసారి అడగలేదు.

"మీ లెటరు చదివి వినిపించారు మేడమ్."

"ఆఫీసువాళ్ళు రాయమన్నారు మేస్త్రీ."

"రాసింది మీరు కదా." అతను గొంతు పెంచలేదు. "నాసిరకం చెక్క అన్నారు. చెక్క ఎంచడానికి గోడౌనుకి ఇద్దరం వెళ్ళాం. పదిహేడు పలకలు బాగాలేవని మీరే పక్కన పెట్టించారు. సందులు వదల్లేదన్నారు. అందరూ నన్ను ఏమని పిలుస్తారో మీకు తెలీదా? రేపటినుంచి మీ ఆఫీసు పనులకి నన్ను రావద్దన్నారు. నా వెనక ముగ్గురు మనుషులున్నారు. వాళ్ళకి ఏం చెప్పాలో కూడా ఆ లెటర్లో రాయాల్సింది."

అతను జవాబు కోసం ఆగకుండా డెక్ మీదికి వెళ్ళాడు. అంచు వెంబడి నడిచి స్క్రూలు చూశాడు. చాలా స్క్రూల తలలు పలక మీదికి లేచి ఉన్నాయి. కూర్చుని ఒక స్క్రూ తల మీద వేలు పెట్టాడు.

"ఇవి వాటంతట అవి లేవవు. పలకలు ఒకదాన్నొకటి తోసుకున్నాయి. తోసుకోవాలంటే మధ్యలో ఖాళీ ఉండకూడదు." జేబులోంచి ఉక్కు స్కేలు తీసి రెండు పలకల మధ్య నల్లగా కనిపిస్తున్న గీతలో పెట్టి నొక్కాడు. స్కేలు దిగలేదు. గట్టిగా నొక్కాడు. వంగింది.

"నొక్కకు, విరుగుతుంది," అన్నారు మామగారు.

ఆయన వంటింటి గడప మీద నిలబడి ఉన్నారు. చెప్పులు లేవు.

"అందులో పత్తి ఉంది. పైన తారు. అన్ని సందుల్లోనూ ఉంది."

మేస్త్రీ ఆయన వైపు చూశాడు. తర్వాత సంచిలోంచి బాకు లాంటి కొక్కెం తీసి గీతలోకి గుచ్చి లాగాడు. తారు పెంకు లేచింది. దాని కింద నుంచి పేనిన పత్తి తాడు జానెడు బయటికి వచ్చింది. అతను దాన్ని రెండు వేళ్ళ మధ్య నలిపి చూశాడు.

"ఇది ఓడ పని," అన్నాడు. "మేడమ్, నేను ఆరు మిల్లీమీటర్లు వదిలాను. ఇక్కడ సున్నా ఉంది." ఆగి, ఇంకో మాట చేర్చాడు. "ఇంత బాగా నేను చేయలేను."

కోడలు వంగి చూసింది. నిలబడి చూస్తే నల్ల గీత. ఖాళీ సందు కూడా నిలబడి చూస్తే నల్ల గీతే. ఎన్నోసార్లు దాని మీద నడిచింది. ఒక్కసారీ వంగలేదు.

"నాన్నా!" భర్త లోపలినుంచి కుంటుతూ వచ్చాడు. "నువ్వు చేశావా ఇది? నీళ్ళు పోవడానికి పెట్టిన సందులు నువ్వు పూడ్చావా? అందుకేనా పొద్దున్నే లేచి ఆ తోయడం? ఈ మనిషి పని పోయింది, తెలుసా నీకు? నా కాలు విరిగి ఉంటే ఏం చేసేవాడివి? అమ్మ పోయిన దగ్గర్నుంచీ నీకు..."

"అమ్మ పోయాక కాదురా. ముందే చేశాను."

"ఎందుకు?"

మామగారు డెక్ నడిమధ్య వైపు చూశారు. కోడలు వంటింట్లోకి వెళ్ళింది. తలుపు వెనక మేకుకి డెక్ సంరక్షణ కాగితం వేలాడుతోంది. కట్టిన కొత్తలో ఆమే గళ్ళు గీసి పెట్టింది. తుడవడం, స్క్రూలు బిగించడం, ఏడాదికోసారి నూనె పట్టించడం, నెలకోసారి సన్నటి బద్దతో సందుల్లో చెత్త తీయడం. "ఈ పని నాకు వదిలెయ్ అమ్మాయ్," అని ఆ కాగితాన్ని మామగారే తీసుకున్నారు. నెల నెలా నింపుతున్నారు. ఆమె ఎప్పుడూ చదవలేదు. ఇప్పుడు చదివింది. మొదటి మూడు గళ్ళల్లో ఒక్క టిక్కూ తప్పలేదు. నాలుగో గడిలో మొదటి పద్నాలుగు నెలలే ఉన్నాయి. ఆ తర్వాత అంతా ఖాళీ.

ఆమె కాగితం పట్టుకుని బయటికి వచ్చింది.

"మీరు అబద్ధం రాయలేదు మామయ్యా."

"తీయని చెత్త తీశానని ఎలా రాస్తాను?"

"నాకు చెప్పలేదు మరి."

"చెప్పొద్దంది."

"ఎవరు?"

"ఇంకెవరు?" అన్నారు మామగారు.

భర్త గోడకి ఆనుకున్నాడు. మేస్త్రీ లేచి నిలబడి, వెళ్ళాలో ఉండాలో తెలియక సంచి భుజానికి తగిలించుకున్నాడు.

"ఉండు మేస్త్రీ. నీ మీద పడ్డ మాట నువ్వూ వినాలి." మామగారు గడప మీదే కూర్చున్నారు. "మోకాళ్ళు అని చెప్పేది గానీ మోకాళ్ళు కాదు. కళ్ళ ఆపరేషన్ అయ్యాక ఆ సందుల్లో వెలుగు కదిలినట్టు కనిపించేదట. కింద నీళ్ళున్నాయి అనేది. లేవని తెలుసు ఆవిడకి. మట్టే అని తెలుసు. అయినా కాలు పడేది కాదు."

"నీళ్ళంటే అమ్మకి భయమా?" అన్నాడు భర్త. "నాకెప్పుడూ చెప్పలేదు."

"పెళ్ళైన కొత్తలో నేను పనిచేసే ఓడ చూపిస్తానని తీసుకెళ్ళాను. ఒడ్డు నుంచి ఓడకి రెండు పలకలు వేసి ఉన్నాయి. సగం దూరం వచ్చి కిందికి చూసింది. పలకల మధ్య నీళ్ళు. అక్కడే చతికిలబడి పోయింది. ముందుకి రాదు, వెనక్కి పోదు. పనివాళ్ళంతా చూస్తున్నారు. నేనూ వాళ్ళతో కలిసి నవ్వాను." ఆయన అరచెయ్యి మోకాలికి రుద్దుకున్నారు. "మళ్ళీ ఎప్పుడూ ఓడ దగ్గరికి రాలేదు. నలభై ఏళ్ళు అన్నం డబ్బా గేటు దగ్గర కాపలావాడికి ఇచ్చి వెళ్ళింది."

పక్కింట్లో ఎవరో బకెట్టు కింద పెట్టిన చప్పుడు వినిపించింది.

"ఈసారి నవ్వలేదు నేను," అన్నారు మామగారు. "మీరు ఆఫీసులకి వెళ్ళాక రోజుకి రెండు సందులు. పన్నెండు రోజులు పట్టింది. తారు వాసన వస్తుందని గేటుకి నల్లరంగు వేశాను."

గేటుకి పన్నెండు రోజులా అని ఆ రోజుల్లో భర్త ఎగతాళి చేశాడు. కోడలికి అది గుర్తుంది. అతనికీ గుర్తొచ్చినట్టుంది, తల వంచుకున్నాడు.

"ఓడ మీద అయితే సందు పూడ్చాక నీళ్ళు పోసి చూస్తాం. చుక్క దిగకూడదు. ఆవిణ్ణి ఇక్కడ నిలబెట్టి బకెట్టు నీళ్ళు పోశాను. నిలిచాయి. అప్పుడు నమ్మింది. ఓడ డెక్కుని రోజూ సముద్రం నీళ్ళతో కడుగుతారమ్మాయ్. చెక్క ఎప్పుడూ తడిగా ఉంటుంది, పట్టు వదలదు. ఇంటి చెక్క ఎండుతుంది, తడుస్తుంది, ఎండుతుంది. తారు అంచులు విడుస్తాయని నాకు తెలుసు. నీళ్ళు నిలవకుండా తోస్తే చాలనుకున్నాను. చాల్లేదు."

"అత్తయ్య ఎందుకు చెప్పొద్దన్నారు?" అంది కోడలు. "నేనే పలకలు దగ్గరగా వేయించేదాన్ని. పైన ఏదైనా పరిపించేదాన్ని. ఒక్క మాట చెప్తే సరిపోయేది."

"అదే చెప్పాను. వద్దంది. ఆ పిల్ల పదకొండేళ్ళు ఊళ్ళోవాళ్ళకి కట్టి ఇప్పటికి మనింటికి ఒకటి కట్టుకుంది, దాన్ని చూసి నేను భయపడ్డానని ఎట్లా చెప్తారు అంది. కమ్మీ కూడా పెట్టించింది నా కోసం, ఆ కమ్మీ పట్టుకునే వచ్చానని అనుకోనివ్వండి అంది."

కోడలు కాగితాన్ని మడిచింది. మళ్ళీ విప్పింది. కమ్మీ గురించి ఆఫీసులో ఎంతమందికి చెప్పిందో లెక్కపెట్టడానికి ప్రయత్నించి ఆపేసింది. లోపల ఏదో ఒక చోట నొప్పి ఉండాలి. వేలు పెట్టి వెతికినట్టు వెతికింది. చేతులు మాత్రం చల్లగా ఉన్నాయి.

ఆమె మేస్త్రీ వైపు తిరిగింది.

"రేపు పొద్దున్నే ఆఫీసుకి వెళ్ళి రాస్తాను. మీరూ రండి. మీ ముందే రాస్తాను."

"ఏమని రాస్తారు మేడమ్?"

"తప్పు మా ఇంట్లో జరిగిందని. చూడకుండా మీ పేరు రాసింది నేనని."

"మీ పెద్దాయన ఊరుకుంటాడా? సొంతింట్లో రెండేళ్ళుగా సందులు లేకపోతే డిజైనర్‌కి తెలీదా అంటాడు."

"అనాలి. నిజంగానే తెలీలేదు నాకు."

"నా పేరు రాయి అమ్మాయ్," అన్నారు మామగారు. "ఓడల వడ్రంగి, ఇల్లు ఓడ అనుకున్నాడు అని రాయి."

మేస్త్రీ ముఖంలో నవ్వు లాంటిది కనిపించి పోయింది. అతను సంచి దింపి నీళ్ళు అడిగాడు. భర్త కుంటుతూ వెళ్ళి చెంబుతో తెచ్చాడు. తాగాక మేస్త్రీ డెక్ కిందికి దూరి అరగంట చూసి వచ్చాడు. పదమూడు దూలాల్లో అయిదు పోయాయి. గోడకి బిగించిన దూలం గట్టిగా ఉంది. పలకలు బాగానే ఉన్నాయి. తీసి, కొత్త దూలాలు వేసి, మళ్ళీ అవే పలకలు పరవొచ్చు. సందులు మాత్రం శుభ్రం కావాలి.

"రేపు సాయంత్రం నా మనుషుల్ని తెస్తాను. గడ్డపారతో లేపేస్తారు."

"గడ్డపార వద్దు," అన్నారు మామగారు. "పలక అంచులు చెడతాయి. సందులు నేను తీసి ఇస్తాను. నీ కొక్కెం ఇచ్చి వెళ్ళు."

మేస్త్రీ కొక్కెం ఆయన చేతికి ఇచ్చాడు. ఒక పనివాడు ఇంకో పనివాడికి ఇచ్చినట్టు, పిడి అటు తిప్పి ఇచ్చాడు.

మేస్త్రీ వెళ్ళాక మామగారు గోడ పక్కనున్న మొదటి సందు దగ్గర కూర్చున్నారు. కొక్కెంతో తారు లేపి, పత్తి కొస దొరకబుచ్చుకుని, నెమ్మదిగా లాగారు. తాడు తెగకుండా వచ్చింది. దాన్ని చుట్ట చుట్టి పక్కన పెట్టి రెండో సందుకి జరిగారు.

భర్త కాసేపు చూశాడు.

"నాన్నా. కోపంలో ఏదో అనేశాను."

"అన్నావు. విన్నాను. పోయి కాలికి మందు రాసుకో, ఈగలు వాలుతున్నాయి."

అతను లోపలికి వెళ్ళాడు. కోడలు వెళ్ళలేదు. మామగారికి ఎదురుగా కూర్చుని, ఆయన లేపిన పత్తిని అవతలి కొస నుంచి లాగడం మొదలుపెట్టింది. చేతులు నల్లబడ్డాయి. మూడో సందు, నాలుగో సందు. అయిదో సందు దగ్గర ఆమె అడిగింది.

"మొదటిరోజు అత్తయ్య ఎలా వచ్చారు మామయ్యా?"

"ఎలా అంటే?"

"ఎటునుంచి, ఎంతసేపటికి, ఎలా. నేను చూడలేదు కదా."

మామగారు కొక్కెం కింద పెట్టారు. కమ్మీ పట్టుకుని లేచారు. గడప దగ్గరికి వెళ్ళి పెరటి వైపుకి తిరిగి నిలబడ్డారు. ఎడమ చెయ్యి పక్కకి చాపారు.

"నా చెయ్యి పట్టుకుంది. కమ్మీ అటుంది. ముందు ఎడమ కాలు. పెట్టింది, తీసేసింది. మళ్ళీ పెట్టింది." ఆయన కాలు పెట్టి, తీసి, మళ్ళీ పెట్టారు. "ఇక్కడ ఆగింది. ఇది దాటాక ఇక్కడ. ప్రతి గీత దగ్గరా ఆగి, ఇది కూడా పూడ్చారా అని అడిగింది. పూడ్చానే అన్నాను. ఏడో గీత దగ్గర నా వేళ్ళు విరిగిపోతాయనుకున్నాను, అంత గట్టిగా పట్టుకుంది. అప్పుడు తల ఎత్తమన్నాను. కిందికి కాదు, గోడ మీది పిల్లిని చూడమన్నాను. పిల్లిని చూస్తూ పన్నెండు దాకా వచ్చేసింది."

ఆయన నడుస్తూ చెప్పారు. చాపిన చెయ్యి దించలేదు. పన్నెండో సందు దాటి, డెక్ నడిమధ్యలో ఆగారు.

"ఇక్కడ కుర్చీ వేశాను. కూర్చుంది. చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. అప్పుడు పదకొండయింది. ఇక చాలు, లోపలికి పోదాం, అలవాటు మెల్లిగా చేసుకుందువుగాని అన్నాను. లేవనంది."

"ఎందుకు?"

"కోడలు ఎన్నింటికి వస్తుంది అని అడిగింది. అయిదున్నరకి అన్నాను. అది వచ్చేటప్పటికి నేను ఇక్కడ ఉండాలి అంది. ఇప్పుడు లేస్తే మళ్ళీ కాలు పడుతుందో లేదో, అది చూడకుండానే అయిపోతుంది అంది. అన్నం ఇక్కడికే తెచ్చి పెట్టాను. ఎండ మీదికి వస్తే గొడుగు పట్టాను. ఆరున్నర గంటలు కూర్చుంది. నీ గేటు చప్పుడు వినిపించగానే నన్ను లోపలికి పొమ్మంది. నేను పక్కన ఉంటే నీకు అనుమానం వస్తుందని."

కోడలు నల్లబడిన చేతులతోనే ముఖం కప్పుకుంది. మొదట భుజాలు కదిలాయి. తర్వాత గొంతు వచ్చింది. అది తన గొంతులా లేదు. పలక మీద ముందుకి వంగిపోయి ఏడ్చింది. లోపలి నుంచి భర్త పరిగెత్తుకు వచ్చి గడప దగ్గర ఆగిపోయాడు. మామగారు అతన్ని రావొద్దని కళ్ళతో చెప్పారు.

ఆయన వెనక్కి వచ్చి ఆమె పక్కన కూర్చున్నారు. చాపిన చెయ్యి ఆమె తల మీద పెట్టారు. చాలాసేపు ఉంచారు.

"తారు కళ్ళలోకి పోనియ్యకమ్మా," అన్నారు. "మండుతుంది."

"మండుతోంది మామయ్యా," అంది కోడలు.